అయస్కాంతత్వం అంచున అతివాహకత: హెవీ ఫెర్మియాన్ల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల వేరే ప్రశ్నకి జవాబిస్తూ, కొన్ని లోహాల్లో ఎలక్ట్రాన్లు వందల రెట్లు బరువెక్కినట్టు ప్రవర్తిస్తాయని, అయస్కాంతత్వం పుట్టీ పుట్టని అంచున నిలబడ్డ ఆ లోహాలే చల్లబరిస్తే అతివాహకాలవుతాయని, అంటే విద్యుత్ నిరోధం పూర్తిగా పోగొట్టుకుంటాయని, ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ప్రశ్నలు అసలు జవాబు మీద రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం హెవీ ఫెర్మియాన్లు అని పిలిచే ఆ బరువైన ఎలక్ట్రాన్ల లోహాలకే.

ప్రశ్న: అయస్కాంతత్వానికీ అతివాహకతకీ పడదని మా పాఠ్యపుస్తకంలో ఉంది. మీరేమో అయస్కాంతత్వం అంచునే అతివాహకత పుడుతుందంటున్నారు. ఏది నమ్మమంటారు?
— డిగ్రీ చివరి ఏడాది విద్యార్థిని

జవాబు: పుస్తకం అబద్ధం చెప్పలేదమ్మా, 1979 ముందు దాకా ఉన్న కథ చెప్పి ఆగిపోయింది, అంతే. మామూలు అతివాహకాలకి 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాన్లు జతలుగా కలుస్తాయి, జతలో ఒకదాని స్పిన్ (ఎలక్ట్రాన్‌ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) పైకి ఉంటే రెండోదాని స్పిన్ కిందికి ఉంటుంది. ఈ జతకి ఒక అయస్కాంత అయాన్ తగిలిందంటే అది రెండు స్పిన్లనీ ఒకేలా చూడదు, ఒకదాన్ని తిప్పేస్తుంది, జత విడిపోతుంది. 1958లో మథియాస్, సూల్, కోరెన్‌జ్విట్ లాంథనంలో కొద్దికొద్దిగా గెడోలినియం కలుపుతూ చూశారు. గెడోలినియం ఒక శాతం దాకా వచ్చేసరికే అతివాహకత కుప్పకూలింది. తర్వాత అబ్రికోసోవ్, గోర్కోవ్ దానికి లెక్క కట్టారు. ఇక 1977లో దొరికిన ఎర్బియం-రోడియం-బోరాన్ సమ్మేళనమైతే ఈ పగకి చక్కటి సాక్ష్యం: 8.7 కెల్విన్ల దగ్గర అతివాహకం అవుతుంది, ఇంకా చల్లబరిస్తే 0.9 కెల్విన్ దగ్గర ఎర్బియం అయాన్ల అయస్కాంతాలన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి, పోయిన విద్యుత్ నిరోధం మళ్లీ వచ్చేస్తుంది.

సరిగ్గా ఇలాంటి వాతావరణంలో 1979లో జర్మనీలో ఫ్రాంక్ స్టెగ్లిష్ బృందం ఒక సీరియం, రెండు రాగి, రెండు సిలికాన్ పాళ్లలో ఉన్న సమ్మేళనం దాదాపు 0.5 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతోందని ప్రకటించింది. సీరియం అయాన్‌లో 4ఎఫ్ అనే లోపలి పొరలో ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది, దానికి సొంత అయస్కాంత భ్రామకం ఉంటుంది, అంటే అదో చిన్న అయస్కాంతం. ఆ స్ఫటికంలో ప్రతి ఐదు పరమాణువుల్లో ఒకటి సీరియమే. ఒక శాతానికే చచ్చిపోవాల్సిన అతివాహకత ఇరవై శాతం దగ్గర ఎలా బతికింది? చాలామంది నమ్మలేదు. నమూనాలో ఏదో వేరే పదార్థం మూలమూలల్లో దాక్కుని అతివాహకంగా పనిచేస్తోంది, అసలు సమ్మేళనానికి దీంతో సంబంధం లేదన్నారు.

నన్నడిగితే వాళ్లకి స్టెగ్లిష్ బృందం ఇచ్చిన జవాబే ఈ రంగం మొత్తంలో అందమైన వాదన. రెండు ముక్కలుంది. మొదటిది, సీరియం బదులు 4ఎఫ్ ఎలక్ట్రాన్ లేని లాంథనం పెట్టి, మిగతాదంతా అలాగే ఉంచితే వచ్చే సమ్మేళనం అతివాహకం కాదు. అంటే అయస్కాంత అయాన్ అడ్డు కాదు సరికదా, అది లేకపోతేనే పని జరగడం లేదు. రెండోది విశిష్టోష్ణం, అంటే పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన ఉష్ణం. అతివాహకత మొదలయ్యే చోట విశిష్టోష్ణం ఒక్కసారి ఎగురుతుంది. ఆ ఎగురు ఎంత పెద్దదంటే, ఆ లోహంలోని బరువైన ఎలక్ట్రాన్లు దాదాపు అన్నీ జతకడితే తప్ప అంత రాదు. మూలన దాక్కున్న మలినం ఎంత గింజుకున్నా విశిష్టోష్ణాన్ని అంత కదిలించలేదు. అయస్కాంతత్వాన్ని మోసే ఎలక్ట్రాన్లే అతివాహకతనీ మోస్తున్నాయన్నమాట.

ఒక పక్క కథ చెప్పకుండా ఉండలేను. ఒక యురేనియానికి పదమూడు బెరిలియంలున్న సమ్మేళనంలో 1975లోనే బుకర్ బృందానికి 0.97 కెల్విన్ దగ్గర అతివాహకత కనిపించింది. సన్నటి యురేనియం పోగులు లోపల మిగిలిపోయాయేమో, వాటిదే ఈ పని అనుకుని వదిలేశారు. ఆ రోజుల్లో ఎవరైనా అలాగే అనుకునేవారు, తప్పు పట్టలేం. 1983లో ఆట్, రుడిగియర్, ఫిస్క్, స్మిత్ అదే సమ్మేళనం విశిష్టోష్ణం కొలిచి చూస్తే అది పోగుల అతివాహకత కాదు, సమ్మేళనానిదే. మరుసటి ఏడు యురేనియం-ప్లాటినం కూడా వచ్చి చేరాక ఇక సీరియం-రాగి-సిలికాన్‌ని ఒంటరి వింత అనే వీలు లేకుండా పోయింది.

ప్రశ్న: ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి స్థిరాంకం కదండీ. అది వెయ్యి రెట్లు పెరగడమేంటి? ఇదంతా మాటల గారడీ కాదా?

జవాబు: గారడీ కాదు గానీ అనుమానం న్యాయమైనదే. ఎలక్ట్రాన్ సొంత ద్రవ్యరాశి ఎక్కడా మారదు. లోహంలో మనం కొలిచేది ఒంటరి ఎలక్ట్రాన్‌ని కాదు, చుట్టూ ఉన్నవాటి ప్రభావాన్ని వెంటేసుకుని తిరిగే ఎలక్ట్రాన్‌ని. దాన్ని కదిలించడం ఎంత కష్టమో చెప్పే సంఖ్యనే ప్రభావ ద్రవ్యరాశి అంటాం.

కొలిచేదెలా? బాగా చల్లని లోహంలో ఎలక్ట్రాన్ల విశిష్టోష్ణం ఉష్ణోగ్రతకి అనులోమంగా ఉంటుంది, ఆ గుణకం ప్రభావ ద్రవ్యరాశితో పాటు పెరుగుతుంది. రాగికి ఆ గుణకం మోల్‌కి, కెల్విన్ వర్గానికి సుమారు 0.7 మిల్లీజౌళ్లు. 1975లో ఆండ్రెస్, గ్రేబ్నర్, ఆట్ సీరియం-అల్యూమినియం సమ్మేళనంలో (ఒకటికి మూడు పాళ్లు) కొలిస్తే వచ్చింది 1620. రెండు వేల రెట్ల పైమాటే. విశిష్టోష్ణం ఒక్కటే చెబితే ఇంకేదైనా కారణం ఉందేమోనని మీరు అడగొచ్చు. 1980ల చివర్లో కేంబ్రిడ్జ్‌లో టైలెఫర్, లోన్జరిచ్ యురేనియం-ప్లాటినం స్ఫటికాల్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి, అయస్కాంతీకరణలో వచ్చే డోలనాల నుంచి ఎలక్ట్రాన్ కక్ష్యల ద్రవ్యరాశిని నేరుగా లెక్కగట్టారు. అక్కడా బరువైన ఎలక్ట్రాన్లే కనిపించాయి. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరారు కాబట్టి నమ్మక తప్పదు.

ఈ బరువు ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కావాలంటే ఎంట్రోపీ (ఎన్ని స్థితుల్లో ఉండే వీలుందో చెప్పే కొలత) దారిలో వెళ్లడం తేలిక. గది ఉష్ణోగ్రత దగ్గర ప్రతి సీరియం అయానూ ఎవరితోనూ సంబంధం లేని చిన్న అయస్కాంతంలా ఉంటుంది. చల్లబరిచేకొద్దీ దానికి మిగిలేవి రెండు స్థితులు, పైకి లేదా కిందికి. రెండు స్థితులంటే మోల్‌కి, కెల్విన్‌కి 5.76 జౌళ్ల ఎంట్రోపీ. సున్నా కెల్విన్ చేరేలోపు ఈ ఎంట్రోపీ అంతా ఎలాగోలా పోవాలి, వేరే దారి లేదు. అయాన్లన్నీ వరుసకట్టి అయస్కాంతంగా మారితే పోతుంది. లేదంటే లోహంలో తిరిగే ఎలక్ట్రాన్లు ఒక్కో అయాన్ చుట్టూ వ్యతిరేక స్పిన్‌తో చేరి దాని భ్రామకాన్ని కప్పేస్తే పోతుంది. ఈ రెండో దారికి బీజం 1964లో జున్ కొండో వేశాడు. బంగారంలో చిటికెడు ఇనుము కలిస్తే, చల్లబరిచేకొద్దీ తగ్గాల్సిన నిరోధం ఒక చోట ఆగి మళ్లీ పెరగడం మొదలెడుతుంది. 1930ల నుంచి తెలిసిన ఈ వింతకి అయస్కాంత మలినంతో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ముడిపడటమే కారణమని లెక్కతో చూపింది ఆయనే.

కొండో చూసింది అక్కడక్కడా ఉన్న మలినాల్ని. హెవీ ఫెర్మియాన్లలో అలా కాదు, స్ఫటికం అంతటా క్రమం తప్పకుండా సీరియమో యురేనియమో ఉంటుంది. అందుకే ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది: చల్లబరుస్తుంటే నిరోధం ముందు పెరుగుతుంది, ఒక శిఖరానికి చేరి అక్కణ్నుంచి జారిపోతుంది, ఎందుకంటే కప్పబడ్డ అయాన్లన్నీ క్రమంగా అమరి ఉన్నాయి కాబట్టి వాటి మీదుగా ఎలక్ట్రాన్ తరంగం చెదరకుండా పోగలదు. ఒకచోట కదలకుండా ఉన్న 4ఎఫ్ ఎలక్ట్రాన్ కూడా ఇప్పుడు ప్రవాహంలో చేరిపోయింది, కాకపోతే చాలా నెమ్మదిగా. 5.76 జౌళ్ల ఎంట్రోపీని 10 కెల్విన్ల వెడల్పున్న సన్నటి పట్టీలో కుక్కితే గుణకం సుమారు 576 మిల్లీజౌళ్లు వస్తుంది. మీరే భాగించి చూడండి. పట్టీ ఇంకాస్త సన్నబడితే వెయ్యి దాటుతుంది. ప్రయోగాల్లో వచ్చే సంఖ్యలు కూడా ఈ స్థాయిలోనే ఉంటాయి.

ప్రశ్న: అయితే ఆ లోహం ముక్కని చల్లబరిచి కాటాలో పెడితే బరువు పెరుగుతుందా?

జవాబు: పెరగదు, మిల్లీగ్రాము కూడా.

ప్రశ్న: ఈ పదార్థాల గురించి ఎక్కడ చదివినా పీడనం, పీడనం అంటారు. నొక్కితే అతివాహకత రావడమేంటి?

జవాబు: ఇందాక ఎంట్రోపీ పోవడానికి రెండు దారులని చెప్పాను కదా, ఆ రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. విచిత్రం ఏంటంటే రెండింటినీ నడిపేది ఒకే సంగతి, 4ఎఫ్ ఎలక్ట్రాన్‌కీ తిరుగాడే ఎలక్ట్రాన్లకీ మధ్య ఉన్న జోడింపు. జోడింపు బలహీనంగా ఉన్నప్పుడు అయాన్లు తిరుగాడే ఎలక్ట్రాన్ల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుని యాంటీఫెర్రో అయస్కాంతంగా వరుసకడతాయి, అంటే పక్కపక్క భ్రామకాలు ఎదురెదురు దిక్కుల్లో. ఈ శక్తి జోడింపు వర్గంగా పెరుగుతుంది. కొండో రకం కప్పివేత మొదట్లో చాలా నీరసంగా ఉండి, జోడింపు పెరిగేకొద్దీ ఘాతీయంగా లేస్తుంది కాబట్టి ఒక చోట మొదటిదాన్ని దాటేస్తుంది. 1977లో డోనియాక్ గీసిన పటం ఇదే. ఎడమవైపు అయస్కాంతం, కుడివైపు బరువైన ఎలక్ట్రాన్ల మామూలు లోహం, మధ్యలో అయస్కాంత ఉష్ణోగ్రత సున్నాకి దిగిపోయే బిందువు. దాన్ని క్వాంటమ్ క్రిటికల్ బిందువు అంటారు.

సీరియం సమ్మేళనాన్ని నొక్కితే పరమాణువులు దగ్గరై జోడింపు పెరుగుతుంది, అంటే పటంలో ఎడమ నుంచి కుడికి జరుగుతాం. యిటర్బియంలో దీనికి రివర్స్, నొక్కితే అయస్కాంతత్వం బలపడుతుంది. 1998లో కేంబ్రిడ్జ్‌లో మాథుర్, లోన్జరిచ్ తదితరులు రెండు సీరియం అయస్కాంతాల్ని ఇలాగే నొక్కుకుంటూ పోయారు. సీరియం-పల్లాడియం-సిలికాన్ మామూలుగా 10 కెల్విన్ల దగ్గర యాంటీఫెర్రో అయస్కాంతం. 28 కిలోబార్ల దగ్గర, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 28 వేల రెట్ల దగ్గర, ఆ అయస్కాంతత్వం కనుమరుగైంది, సరిగ్గా అక్కడే 0.4 కెల్విన్ దగ్గర అతివాహకత లేచింది, ఇంకా నొక్కితే అదీ పోయింది. సీరియం-ఇండియంలోనూ ఇదే బొమ్మ, కాకపోతే 0.2 కెల్విన్. ఆ గ్రాఫ్ చూస్తే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది: అయస్కాంతత్వం చచ్చే చోటు చుట్టూ కప్పిన గొడుగులా ఉంది అతివాహకత. ఆ గొడుగు ఆకారమే ఈ రంగానికి గుర్తు అయిపోయింది, తర్వాత రాగి ఆక్సైడ్లలో, ఇనుము అతివాహకాల్లో కూడా జనం దాన్నే వెతుక్కున్నారు.

అయితే నమూనా చాలా శుద్ధంగా ఉంటేనే ఈ గొడుగు తెరుచుకుంటుంది. మామూలు అతివాహకాలు అయస్కాంతం కాని మలినాన్ని పెద్దగా లెక్కచేయవు, దీన్ని 1959లోనే ఆండర్సన్ వివరించాడు. ఇవి మాత్రం ఏ మలినానికైనా చిర్రెత్తిపోతాయి. ఆ తేడా ఎందుకో కింది జవాబులో వస్తుంది.

ప్రశ్న: అయస్కాంత హెచ్చుతగ్గులే (అయాన్ల భ్రామకాలు అటూ ఇటూ ఊగడమే) ఎలక్ట్రాన్లని జతకట్టించే జిగురు అంటారు. పక్కన అయస్కాంతత్వం ఉన్నంత మాత్రాన అదే కారణం అనేస్తే ఎలా? నిరూపణ ఏది?
— ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: మంచి ప్రశ్న, ఇలా అడిగేవాళ్లే ఈ రంగానికి కావాలి. పక్కన ఉండటం సాక్ష్యం కాదు, ఒప్పుకుంటాను. కాబట్టి ముందు పాత జిగురు ఎందుకు పనికిరాదో చూద్దాం. మామూలు అతివాహకాల్లో జిగురు స్ఫటిక జాలకం కంపనాలు. ఒక ఎలక్ట్రాన్ వేగంగా పోతూ ధనావేశమున్న అయాన్లని తన వైపు లాగుతుంది, అవి బరువైనవి కాబట్టి వెనక్కి సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, ఈలోగా ఎలక్ట్రాన్ దూరంగా వెళ్లిపోతుంది, అయాన్లు పోగైన ఆ చోటికి రెండోది ఆకర్షితమవుతుంది. రెండు ఎలక్ట్రాన్లూ ఒకే చోట ఒకే సమయంలో ఉండవు గనక వాటి మధ్య వికర్షణ పెద్దగా అడ్డు రాదు. ఈ ఉపాయమంతా ఎలక్ట్రాన్లు జాలకం కంటే చాలా వేగంగా ఉండటం మీద ఆధారపడింది. హెవీ ఫెర్మియాన్లలో ఎలక్ట్రాన్ల స్వభావ ఉష్ణోగ్రత (వాటి శక్తిని ఉష్ణోగ్రతగా మార్చి చెప్పే సంఖ్య) పది కెల్విన్ల స్థాయిలో ఉంటుంది, జాలకానిది వందల్లో. ఎలక్ట్రానే నత్తనడక నడుస్తుంటే ఆలస్యం అనే ఉపాయం ఎక్కడ పనిచేస్తుంది? పైగా 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ విపరీతం.

వికర్షణని తప్పించుకోవాలంటే జతే వేరే ఆకారంలో ఉండాలి, రెండు ఎలక్ట్రాన్లూ ఒకే పరమాణువు మీద కలిసే అవకాశం సున్నా అయ్యేలా. డీ-వేవ్ జతలు అలాంటివి. వాటి తరంగ ప్రమేయం ఒక దిక్కున ధనం, లంబ దిక్కున రుణం, మధ్యలో సున్నా. 1986లో మియాకే, ష్మిట్-రింక్, వర్మ ఒకవైపు, స్కలాపినో, లో, హిర్ష్ ఇంకోవైపు యాంటీఫెర్రో హెచ్చుతగ్గులు సరిగ్గా ఇలాంటి జతకే తోడ్పడతాయని లెక్కలతో చూపించారు. మలినాలకి ఇవి ఎందుకు బెదురుతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది: ఎలక్ట్రాన్ మలినానికి తగిలి దిక్కు మారితే ధనమూ రుణమూ కలిసి చెల్లిపోతాయి.

ఇక ప్రయోగాలు. సీరియం-కోబాల్ట్-ఇండియం (1-1-5 పాళ్లు) 2001లో లాస్ అలమోస్‌లో వచ్చింది, 2.3 కెల్విన్ల దగ్గర అతివాహకం, పీడనం అక్కర్లేదు. దాని మీద న్యూట్రాన్లు చిమ్మి 2008లో స్టాక్ బృందం చూసింది ఏంటంటే, అతివాహకత రాగానే అయస్కాంత హెచ్చుతగ్గుల వర్ణపటంలో 0.6 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ దగ్గర ఒక పదునైన శిఖరం లేస్తుంది. గ్యాప్, అంటే జతని విడగొట్టడానికి కావాల్సిన శక్తిని చెప్పే రాశి, దిక్కుని బట్టి ధనం నుంచి రుణానికి మారే జతల్లో రావాల్సిన సంకేతమే అది. 2011లో స్టోకర్ట్, స్టెగ్లిష్ తదితరులు ఇంకో అడుగు ముందుకేసి సీరియం-రాగి-సిలికాన్‌లో శక్తి లెక్క వేశారు, అతివాహకంగా మారినప్పుడు అయస్కాంత హెచ్చుతగ్గుల వల్ల ఆదా అయ్యే శక్తి మొత్తం అతివాహకతకి కావాల్సిన శక్తి కంటే చాలా ఎక్కువే ఉంది. జిగురు కొనడానికి సరిపడా డబ్బుందని తేలింది, కొన్నది దాంతోనేనా అంటే కోర్టులో నిలిచే రుజువు కాదు, కానీ నేనైతే పందెం దాని మీదే కాస్తాను.

కాస్తూనే ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి డీ-వేవ్ అనుకున్న అదే సీరియం-రాగి-సిలికాన్‌లో 2014లో కిట్టాకా బృందం బాగా తక్కువ ఉష్ణోగ్రతల దాకా విశిష్టోష్ణం కొలిస్తే, గ్యాప్ ఎక్కడా సున్నా అవుతున్న జాడ లేదు. మామూలు డీ-వేవ్‌కి సున్నా గీతలు తప్పనిసరి. ఇప్పుడు గుర్తు మారుతూనే సున్నా కాని రకరకాల ఆకారాలు ప్రతిపాదిస్తున్నారు. పాఠ్యపుస్తకంలో ‘హెవీ ఫెర్మియాన్ అంటే డీ-వేవ్’ అని ఒక్క ముక్కలో రాసి ఉంటే దాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకోండి.

ప్రశ్న: ఫెర్రో అయస్కాంతం లోపలే అతివాహకత ఉంటుందని విన్నాను. అది మరీ విడ్డూరం కదా?

జవాబు: విడ్డూరమే, కానీ నిజం. 2000లో సక్సేనా తదితరులు యురేనియం-జెర్మేనియంలో కనుక్కున్నారు. అది 52 కెల్విన్ల దగ్గర ఫెర్రో అయస్కాంతం, అంటే భ్రామకాలన్నీ ఒకే దిక్కున. 1 నుంచి 1.6 గిగాపాస్కల్ పీడనాల మధ్య, ఫెర్రో అయస్కాంతంగా ఉండగానే, ఒక కెల్విన్ కంటే కింద అతివాహకం కూడా అవుతుంది. అసలు తమాషా ఏంటంటే 1.6 దగ్గర అయస్కాంతత్వం పోగానే అతివాహకత కూడా పోతుంది. శత్రువు చచ్చాక హాయిగా బతకాల్సింది దాంతోపాటే పోయింది! తర్వాత యురేనియం-రోడియం-జెర్మేనియం, యురేనియం-కోబాల్ట్-జెర్మేనియం పీడనం లేకుండానే ఇలా రెండూ కలిపి చూపించాయి.

పైకి-కిందికి జత ఇక్కడ బతకదు, కాబట్టి రెండు స్పిన్లూ ఒకే వైపున్న ట్రిప్లెట్ జత అయ్యుండాలి. ఇలాంటి జత లోకానికి కొత్తేమీ కాదు, 1972లో కనుక్కున్న హీలియం-3 అతిద్రవంలో (రాపిడి లేకుండా పారే ద్రవంలో) ఉన్నదీ ఇదే, అక్కడా దగ్గర్లో ఉన్న ఫెర్రో స్వభావానికి పాత్ర ఉందని ఒప్పుకున్నదే.

ఈ మధ్య అందరి కళ్లూ యురేనియం-టెల్లూరియం మీద ఉన్నాయి. 2019లో రాన్ బృందం ప్రచురించింది, 1.6 కెల్విన్ల దగ్గర అతివాహకం, ఫెర్రో క్రమం మాత్రం లేదు. 1.6 కెల్విన్ల మామూలు అతివాహకంలో అయస్కాంత క్షేత్రం స్పిన్ల మీద పనిచేసి జతల్ని విడగొట్టడానికి సుమారు 3 టెస్లాలు చాలు. దీంట్లో స్ఫటికం ఒక అక్షం వెంబడి క్షేత్రం పెడితే 35 టెస్లాల దాకా అతివాహకత నిలిచింది! అక్కడ పోయింది కదా అనుకుంటే, కొంచెం వాలుగా పెట్టినప్పుడు 40 టెస్లాలు దాటాక మళ్లీ వచ్చింది. తొలి నమూనాల్లో కొన్నిటిలో అతివాహకత రెండు మెట్లుగా మొదలైనట్టు కనిపించి దాని మీద బోలెడు సిద్ధాంతాలు పుట్టుకొచ్చాయి. స్ఫటికాలు మెరుగుపడ్డాక ఒకటే మెట్టు, అదీ 2.1 కెల్విన్ల దగ్గర. ఈ రంగంలో సిద్ధాంతం రాసే ముందు స్ఫటికం పెంచినవాళ్లతో ఓ మాట మాట్లాడటం ఆరోగ్యకరం.

ప్రశ్న: అంతా బాగుంది కానీ 0.5 కెల్విన్, 2 కెల్విన్‌లతో ఎవరికేం లాభం? గది ఉష్ణోగ్రత అతివాహకం ఎప్పుడు?

జవాబు: తీగలు చుట్టి అయస్కాంతాలు చేయడానికి ఇవి పనికిరావు, ఎంఆర్‌ఐ యంత్రాల్లో ఉన్నది నయోబియం-టైటానియమే. గది ఉష్ణోగ్రత గురించి జోస్యం నన్నడగొద్దు. కానీ సంఖ్యని ఊరికే చూడకుండా ఎలక్ట్రాన్ల స్వభావ ఉష్ణోగ్రతతో భాగించి చూడండి. అల్యూమినియంలో ఆ ఉష్ణోగ్రత లక్ష కెల్విన్ల పైన, అతివాహకత 1.2 దగ్గర, అంటే లక్షలో ఒక వంతు. హెవీ ఫెర్మియాన్లలో పది కెల్విన్లలో సగం కెల్విన్, అంటే ఇరవయ్యో వంతు. ఆ లెక్కన ఇవి చాలా ‘అధిక ఉష్ణోగ్రత’ అతివాహకాలు. బరువు కాస్త తగ్గించి స్వభావ ఉష్ణోగ్రత పెంచితే ఏమవుతుందో ప్లుటోనియం-కోబాల్ట్-గాలియం చూపించింది: సీరియం-కోబాల్ట్-ఇండియంలాంటి నిర్మాణమే, 2002లో వచ్చింది, 18.5 కెల్విన్లు. ప్లుటోనియంతో ఎవరూ తీగలు చేయరు, అది వేరే సంగతి.

ప్రశ్న: ‘హిడెన్ ఆర్డర్’ అంటే ఏంటి?

జవాబు: యురేనియం-రుథేనియం-సిలికాన్‌లో 17.5 కెల్విన్ల దగ్గర విశిష్టోష్ణంలో పెద్ద ఎగురు వస్తుంది, అంటే ఏదో క్రమం ఏర్పడింది. 1985 నుంచి వెతుకుతున్నారు ఆ క్రమం ఏంటని. కనిపించే అయస్కాంత భ్రామకం యురేనియానికి బోర్ మాగ్నెటాన్‌లో (పరమాణు భ్రామకాల్ని కొలిచే ప్రమాణంలో) 0.03 వంతు, అంత ఎంట్రోపీ పోవడానికి అది ఏమాత్రం సరిపోదు. ఈ తెలియని క్రమం లోపలే ఒకటిన్నర కెల్విన్ దగ్గర అతివాహకత కూడా వస్తుంది. ప్రతిపాదించిన జవాబులు డజన్ల కొద్దీ ఉన్నాయి, అందరూ ఒప్పుకున్నది ఒక్కటీ లేదు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ రంగంలో ఏదైనా పదార్థం తీసుకుందామనుకుంటున్నాను. ఏది మంచిది సర్?

జవాబు: సీరియం-కోబాల్ట్-ఇండియం తీసుకోండి. యురేనియం అనుమతుల టెన్షన్ ఉండదు, రెండు కెల్విన్ల పైనే అతివాహకం కాబట్టి ద్రవ హీలియం-4 మీది ఆవిరిని పంపుతో లాగేసి అంత చల్లదనానికి చేరుకోగలరు, స్ఫటికాలు కూడా తేలిగ్గా పెరుగుతాయి. సీరియం, కోబాల్ట్‌లకి బోలెడంత ఎక్కువ ఇండియం కలిపి అల్యూమినా మూసలో పెట్టి, క్వార్ట్జ్ గొట్టంలో సీలు చేసి, వెయ్యి సెంటీగ్రేడ్ పైకి వేడిచేసి నెమ్మదిగా చల్లార్చాలి, మిగిలిన ద్రవ ఇండియాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరు చేయాలి. సన్నటి పలకల్లాంటి స్ఫటికాలు వస్తాయి. చదవడానికి కూడా సరుకుంది: బలమైన క్షేత్రంలో, అతివాహకత పోయే ముందు, ఒక యాంటీఫెర్రో క్రమం పుడుతుంది, 2008లో కెంజెల్‌మన్ బృందం న్యూట్రాన్లతో చూసింది. అతివాహకత పోగానే ఆ క్రమం కూడా పోతుంది, అంటే అది అతివాహకత లోపల తప్ప బయట బతకదు. పై ప్రశ్నల్లో నడిచిన గొడవంతా ఇక్కడ ఒకే స్ఫటికంలో దొరుకుతుంది.

కొలిచే ముందు స్ఫటికాన్ని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడగడం మాత్రం మర్చిపోవద్దు. పైన అంటుకున్న ఇండియం 3.4 కెల్విన్ల దగ్గర తనే అతివాహకం అవుతుంది. అది చూసి కొత్త అతివాహకం దొరికిందని మీ గైడ్ దగ్గరికి పరిగెత్తే ప్రమాదముంది.